సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కు లైసెన్సు: ఏ దేశంలో కావాలి, ఎలా తెచ్చుకోవాలి

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా పనిచేయాలంటే లైసెన్సు కావాలా అని ఎవరైనా అడిగితే, నేను తిరిగి అడిగేది ఒకటే: మిమ్మల్ని ఆ కాగితం అడిగింది ఎవరు? వీసా ఆఫీసా, కంపెనీ హెచ్‌ఆరా, క్లయింటా, లేక ఎవరో ఏదో అన్నారని మీకే టెన్షన్ పట్టుకుందా? చాలాసార్లు జవాబు చివరిదే. కోడ్ రాసుకునే వాడిని లైసెన్సు చూపించమనే దేశాలు చాలా తక్కువ. డాక్టరుకూ లాయరుకూ ఉన్న గేటు మనకు లేదు. అయితే "ఇంజనీర్" అన్న మాటకు మాత్రం చాలాచోట్ల గేటు ఉంది. ఇక్కడే అందరూ తికమకపడతారు.

మొదటి పని: అడిగింది ఎవరో తేల్చుకోండి

వీసా వాళ్లకు కావాల్సింది మామూలుగా లైసెన్సు కాదు, మీ చదువుకూ అనుభవానికీ విలువ కట్టిన రిపోర్టు. కెనడాకు వలస దరఖాస్తు పద్ధతి అయిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్ లాంటి సంస్థ ఇచ్చే చదువు మదింపు ఆ కోవలోదే. ఆస్ట్రేలియాకు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా, అంటే 261313 అనే కోడ్ కింద వలస వెళ్లేవాళ్లు ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ దగ్గర చేయించుకునే స్కిల్స్ అసెస్‌మెంట్ కూడా అంతే. ఇవి చేతిలో ఉన్నంత మాత్రాన అక్కడ మీరు లైసెన్సు ఉన్న ఇంజనీర్ అయిపోరు. ఇవి లేకపోయినా లైసెన్సుకు విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు. రెండూ ఒకటే అనుకుని డబ్బు రెండుసార్లు కట్టినవాళ్లున్నారు. మొదటిసారి నేనూ అదే చేశాను.

జర్మనీ అయితే 2023 నవంబరు నుంచి ఐటీ వాళ్లకు డిగ్రీ లేకపోయినా, గత ఏడేళ్లలో మూడేళ్ల తగిన అనుభవం ఉంటే బ్లూ కార్డుకు, అంటే నిపుణులకిచ్చే నివాస అనుమతికి, దారి తెరిచింది. జీతం కనీస పరిమితి మాత్రం దాటాలి. ఇది వీసా సంగతి. "ఇంజెనియోర్" అనే బిరుదు సంగతి వేరే చట్టంలో ఉంది, దాని దగ్గరికి వస్తాను.

హెచ్‌ఆర్ అడిగితే ఒక ఈమెయిల్ పెట్టి, ఏ సంస్థ ఇచ్చే ఏ రిజిస్ట్రేషన్ కావాలో పూర్తి పేరుతో రాయమనండి. "ఇంజనీరింగ్ లైసెన్స్ ప్రిఫర్డ్" అని ఉద్యోగ ప్రకటనలో ఉంటే, సివిల్ వాళ్ల కోసం తయారుచేసిన పాత ఫారం నుంచి ఎత్తి పెట్టినదే అయ్యుంటుంది. అడిగి చూడండి, తీసేస్తారు.

రెండో పని: రూలు పేరు మీదా, పని మీదా చూడండి

కొన్ని చట్టాలు పేరును కాపాడతాయి: ఫలానా బిరుదు రిజిస్టర్ అయినవాళ్లే వాడాలి, పని ఎవరైనా చేసుకోవచ్చు. కొన్ని పనినే కాపాడతాయి: లైసెన్సు లేనివాళ్లు ఆ పని చేయకూడదు. కొన్ని రెండూ చేస్తాయి. మీరు వెళ్లే చోటు ఏ రకమో తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

కెనడా రెండూ చేసే రకం. అక్కడ దేశమంతటికీ ఒకే లైసెన్సు ఉండదు, ప్రతి ప్రావిన్సుకూ తన సంస్థ ఉంటుంది. ఒంటారియోలో ప్రొఫెషనల్ ఇంజనీర్స్ ఒంటారియో, ఆల్బెర్టాలో అపెగా, క్విబెక్‌లో ఇంజనీర్ల ఆర్డర్. ఈ క్విబెక్ వాళ్లు మైక్రోసాఫ్ట్ కెనడాను కోర్టుకు లాగారు. కంపెనీ ఇచ్చే ఒక సర్టిఫికెట్ పేరు చివర "ఇంజనీర్" అని ఉండటమే నేరం. 2004లో కోర్టు వెయ్యి డాలర్ల జరిమానా వేసింది. అంత పెద్ద కంపెనీకి అది టీ ఖర్చు, కానీ మాట ఎవరిదో తేలిపోయింది.

ఆల్బెర్టాలో కథ అడ్డం తిరిగింది. ఒక కంపెనీలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్" అని రాసుకుంటున్నారని అపెగా కోర్టుకెక్కింది. లైసెన్సు ఉన్నట్టు జనాన్ని నమ్మించనంత వరకూ ఆ పేరు పెట్టుకుంటే తప్పేం లేదని 2023 నవంబరులో జడ్జి తీర్పు ఇచ్చారు. అదే సమయంలో ప్రభుత్వమూ చట్టాన్ని సవరించి ఆ పేరుకు మినహాయింపు ఇచ్చింది. అంటే ఒకే దేశంలో, ఒకే కంపెనీలో, ఒకే విజిటింగ్ కార్డు ఒక ప్రావిన్సులో చెల్లుతుంది, పక్క ప్రావిన్సులో నోటీసు తెస్తుంది. మీరు రిమోట్‌గా పనిచేస్తుంటే మీరు కూర్చున్న ప్రావిన్సు రూలు చూసుకోండి, కంపెనీ హెడ్డాఫీసు ఉన్నచోటిది కాదు.

అమెరికాలో లైసెన్సు రాష్ట్రాల బోర్డులు ఇస్తాయి. కంపెనీలో ఉద్యోగం చేసే ఇంజనీర్లకు చాలా రాష్ట్రాల్లో మినహాయింపు ఉంది కాబట్టి అక్కడ లక్షలమంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు లైసెన్సు మాటే ఎత్తకుండా రిటైరవుతారు. 1998లో టెక్సాస్ మొదటిసారి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు లైసెన్సు ఇవ్వడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే ఏసీఎం, అంటే అక్కడి కంప్యూటర్ నిపుణుల పెద్ద సంఘం, ఇది ఇంకా తొందరే అంటూ వ్యతిరేకించింది. 2013లో దేశం మొత్తానికీ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో పీఈ, అంటే ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు పరీక్ష పెట్టారు. ఐదుసార్లు జరిగింది. మొత్తం రాసినవాళ్లు 81 మంది. 2019 ఏప్రిల్‌తో ఎత్తేశారు. ఇప్పటికీ కొన్ని శిక్షణ సంస్థల పాత పేజీల్లో ఆ పరీక్ష కనిపిస్తుంది, దానికోసం పుస్తకాలు కొనకండి. పీఈ కావాలనే పట్టుదల ఉంటే దగ్గరి దారి ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్ విభాగంలో కంప్యూటర్ ఇంజనీరింగ్ పేపరు. అందులో హార్డ్‌వేర్, డిజిటల్ సర్క్యూట్లు గట్టిగా ఉంటాయి. వెబ్ యాప్‌లు మాత్రమే చేసినవాళ్లకు అది కొత్త చదువే.

స్వంతంగా కన్సల్టెన్సీ పెట్టి కంపెనీ పేరులో "ఇంజనీరింగ్" అని చేర్చాలనుకుంటే మాత్రం ఆగండి. ఉద్యోగులకు ఇచ్చిన మినహాయింపు అక్కడ పనిచేయదు. బోర్డుల పట్టు ఎంతవరకు వెళ్తుందో ఒరెగాన్‌లో మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ చూశాడు. ఆయనది ఎలక్ట్రానిక్స్ చదువు. ట్రాఫిక్ సిగ్నల్‌లో పసుపు లైటు వెలిగే సమయం లెక్క తప్పని రాస్తూ తనను ఇంజనీర్ అని చెప్పుకున్నందుకు బోర్డు 500 డాలర్లు జరిమానా వేసింది. 2018లో ఫెడరల్ కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. గెలవడం మంచిదే, కానీ అలా కోర్టు చుట్టూ తిరిగే ఓపిక మనకుందా?

బ్రిటన్ దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఎవరైనా ఇంజనీర్ అని రాసుకోవచ్చు, వాషింగ్ మెషీన్ బాగుచేసే మనిషి కూడా. కాపాడేది "చార్టర్డ్ ఇంజనీర్" లాంటి బిరుదులనే. ఇంజనీరింగ్ కౌన్సిల్ రిజిస్టరులో పేరుండాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎక్కువగా బీసీఎస్ (కంప్యూటర్ నిపుణుల సంఘం) ద్వారా గానీ ఐఈటీ (ఇంజనీర్ల సంఘం) ద్వారా గానీ వెళ్తారు. చాలామందికి రాత పరీక్ష ఉండదు. మీ అనుభవాన్ని వాళ్ల ప్రమాణాలకు ఎదురుగా రాసి, ఇంటర్వ్యూలో నిలబెట్టుకోవాలి. ఇంజనీరింగ్ డిగ్రీ కన్నా ఐటీ అనుభవమే ఎక్కువ ఉన్నవాళ్లకు బీసీఎస్‌లోనే "చార్టర్డ్ ఐటీ ప్రొఫెషనల్" అనే ఇంకో దారి ఉంది. నా మటుకు, ఏ దేశంలో స్థిరపడతారో తేలనివాళ్లకు మొదట ఇదే సూచిస్తాను. ఇది ఒక ప్రావిన్సుకో రాష్ట్రానికో కట్టేసే కాగితం కాదు.

జర్మనీలో "ఇంజెనియోర్" బిరుదు రాష్ట్ర చట్టాల కింద ఉంది. బయటి డిగ్రీతో ఆ మాట వాడాలంటే మీరుండే రాష్ట్రంలో అనుమతి తీసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో అది ఇచ్చేది ఇంజనీర్ల ఛాంబర్. సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఉద్యోగానికి దానితో పనిలేదు. ఇటలీలో ఇంజనీర్ల రిజిస్టరులో మూడు విభాగాలున్నాయి, మూడోది అచ్చంగా ఇన్ఫర్మేషన్ ఇంజనీరింగే. రాష్ట్ర పరీక్ష పాసై అందులో చేరాలి. ఉద్యోగం చేసుకునేవాళ్లను ఎవరూ పెద్దగా అడగరు.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం కఠినం. అక్కడి 2002 చట్టం పనినే కాపాడుతుంది: ప్రొఫెషనల్ ఇంజనీరింగ్ సేవ చేసేవాళ్లు రిజిస్టర్ అయి ఉండాలి, లేదా రిజిస్టర్ అయినవాళ్ల ప్రత్యక్ష పర్యవేక్షణలో చేయాలి. క్వీన్స్‌లాండ్ ప్రాజెక్టుకు వేరే చోట కూర్చుని పనిచేసినా ఈ రూలు వర్తిస్తుంది. రైల్వే సిగ్నళ్లు, గనులు, విద్యుత్ నియంత్రణ లాంటి వాటికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కాంట్రాక్టు మీద సంతకం చేసేముందు బోర్డుకు రాసి అడగండి. మామూలు వ్యాపార యాప్‌లు చేసేవాళ్లకు దీనివల్ల నిద్ర పాడవనక్కర్లేదు.

గల్ఫ్‌లో లెక్క మళ్లీ వేరు. సౌదీలో ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, మీద వృత్తి "ఇంజనీర్" అని ఉంటే సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజనీర్స్ రిజిస్ట్రేషన్ లేకుండా అది రెన్యువల్ కాదు. కువైట్‌లో 2018లో ఇంజనీర్ల ఇఖామాకు కువైట్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్ ఆమోదం తప్పనిసరి చేసినప్పుడు, భారతదేశపు ఎన్‌బీఏ (కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు లేని కాలేజీల్లో చదివినవాళ్లు, ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్నా, ఇరుక్కుపోయారు. అందుకే ఆఫర్ లెటర్ వచ్చిన రోజే వీసా మీద ఏ వృత్తి రాస్తారో అడగండి. "ప్రోగ్రామర్" అని రాసినా జీతం తగ్గకపోతే గొడవే లేదు. గౌరవం కోసం "ఇంజనీర్" అని రాయించుకుని తర్వాత స్టాంపుల కోసం పరుగెత్తడం ఎందుకు?

జపాన్‌లో కోడ్ రాయడానికి లైసెన్సు లేదు. కానీ 1969 నుంచి ప్రభుత్వమే ఐటీ ఇంజనీర్ల పరీక్షలు పెడుతోంది. వాటితో పొంతన కుదిర్చిన కొన్ని విదేశీ పరీక్షలు పాసైతే వీసా నిబంధనలు సులువవుతాయి. నైజీరియా 1993లోనే కంప్యూటర్ వృత్తివాళ్ల కోసం చట్టం చేసి రిజిస్ట్రేషన్ కౌన్సిల్ పెట్టింది. మలేషియాలో 2011లో అలాంటి బిల్లు ముసాయిదా బయటికి రాగానే ఐటీ వాళ్లే గోల చేశారు. భారతదేశంలో సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు లేదు. 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఇచ్చే చార్టర్డ్ ఇంజనీర్ గుర్తింపు ఉంది, కావాలనుకున్నవాళ్లు తీసుకోవచ్చు.

మూడో పని: మీ డిగ్రీ ఎక్కడ నిలుస్తుందో చూడండి

ఇక్కడ వినిపించే పేరు వాషింగ్టన్ అకార్డ్. 1989లో మొదలైన ఒప్పందం. ఇందులో ఉన్న దేశాలు ఒకరు గుర్తించిన ఇంజనీరింగ్ కోర్సులను ఇంకొకరు సమానంగా చూస్తాయి. భారత్ తరఫున ఎన్‌బీఏ 2014లో పూర్తి సభ్యత్వం పొందింది.

జాగ్రత్త పడాల్సింది ఏమిటంటే, ఆ గుర్తింపు కాలేజీకి కాదు, కోర్సుకు. అది కూడా ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు. ఇండియాలో అయితే ఎన్‌బీఏ టైర్ 1 అనే వర్గం కింద గుర్తించిన కోర్సులకే అకార్డ్ వర్తిస్తుంది. అదే కాలేజీలో మెకానికల్‌కు ఉండి కంప్యూటర్ సైన్స్‌కు ఉండకపోవచ్చు. మీ తర్వాతి బ్యాచ్‌కు ఉండి మీకు లేకపోవచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో కాలేజీ, కోర్సు, సంవత్సరం మూడూ సరిపోయాయో లేదో చూసి, ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి. బీసీఏ, ఎంసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లు ఈ ఒప్పందంలోకి రారు. కంప్యూటింగ్ డిగ్రీలకు 2008లో వచ్చిన సియోల్ అకార్డ్ విడిగా ఉంది. గుర్తింపు లేకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. కెనడాలో అదనపు పరీక్షలు రాయమంటారు, బ్రిటన్‌లో మీ కేసును విడిగా చూస్తారు. ఆలస్యం, ఖర్చు పెరుగుతాయంతే.

జర్మనీ వైపు చూసేవాళ్లు అనాబిన్ అనే డేటాబేస్‌లో యూనివర్సిటీ పేరు వెతకండి. ఎదురుగా హెచ్ ప్లస్ అని, అంటే అక్కడ గుర్తింపు ఉన్నట్టు, ఉంటే ఒక మెట్టు ఎక్కినట్టే.

నాలుగో పని: అనుభవాన్ని కాగితం మీదికి తేవడం

ఎక్కువ ఫైళ్లు ఆగేది ఇక్కడే. చదువు కాగితాలు యూనివర్సిటీ ఎప్పుడైనా ఇస్తుంది, అనుభవం కాగితం అలా కాదు.

నేను ఒక కంపెనీలో నాలుగేళ్లు పనిచేసి బయటికి వస్తే వాళ్లిచ్చిన లెటర్లో ఉన్నవి రెండు వాక్యాలు. ఒకటి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశానని, రెండోది నా భవిష్యత్తు బాగుండాలని. మదింపు చేసే సంస్థ దాన్ని తిప్పి పంపింది. వాళ్లకు కావాల్సింది హోదా, పూర్తికాలమా కాదా, ఏ పనులు, ఎవరికి రిపోర్ట్ చేశాను, సంతకం చేసినవాళ్ల పేరు, ఫోను, ఈమెయిల్. ఈలోగా ఆ కంపెనీని ఇంకోటి కొనేసింది, పాత హెచ్‌ఆర్ మెయిల్ ఐడీలే లేవు. చివరికి పాత మేనేజర్‌ను బతిమాలి, ఆయన సంతకంతో ప్రమాణపత్రం, జీతం స్లిప్పులు, పన్ను కాగితాలు జోడించి మళ్లీ పంపాను. ఎనిమిది నెలలు పోయాయి. కాబట్టి ఉద్యోగం మారుతున్నప్పుడే, ఇంకా లాగిన్ పనిచేస్తున్నప్పుడే, వివరాలతో లెటర్ మీరే డ్రాఫ్ట్ చేసి సంతకం అడగండి. వెళ్లిపోయేవాడి మీద రెండు వారాలు అందరికీ ప్రేమే ఉంటుంది.

పేరు కూడా చూసుకోండి. పాస్‌పోర్టులో ఒకలా, మార్కుల లిస్టులో ఇంకోలా ఉంటే దరఖాస్తుకు ముందే అఫిడవిట్ చేయించండి.

కెనడాలో చాలా ప్రావిన్సులు ఇప్పుడు నాలుగేళ్ల అనుభవాన్ని 34 సామర్థ్యాల కింద విడగొట్టి రాయమంటున్నాయి. ఒంటారియో 2023లో "ఒక ఏడాదైనా కెనడాలోనే చేసి ఉండాలి" అనే షరతు ఎత్తేసింది, అది పెద్ద ఊరట. బ్రిటన్‌లోనూ పద్ధతి దగ్గరదగ్గరగా ఇలాంటిదే. వీటికి రాసే తీరు రెజ్యూమే తీరు కాదు. చాలామంది ఇలా రాస్తారు:

"పేమెంట్స్ ప్రాజెక్టులో పనిచేశాను. జావా, స్ప్రింగ్ బూట్ వాడాం. సమయానికి డెలివరీ చేశాం."

దీనికి సున్నా. చదివేవాడికి మీరు తీసుకున్న నిర్ణయం కనబడాలి. అదే పనిని ఇలా రాయొచ్చు:

"ఒకే చెల్లింపు రెండుసార్లు కట్ అవుతోందని ఫిర్యాదులు వచ్చాయి. లాగ్‌లు చూస్తే, టైమవుట్ అయినప్పుడు యాప్ అదే రిక్వెస్టును మళ్లీ పంపుతోందని, సర్వర్ దాన్ని కొత్త చెల్లింపుగా తీసుకుంటోందని తేలింది. యాప్‌లో రీట్రై ఆపేయడం ఒక దారి. అలా చేస్తే నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నవాళ్ల చెల్లింపులు ఆగిపోతాయి. అందుకని ప్రతి చెల్లింపుకూ ఒక కీ ఇచ్చి, డేటాబేస్‌లో ఆ కీ రెండోసారి చేరకుండా కట్టడి పెట్టాను. ఒకే క్షణంలో రెండు రిక్వెస్టులు వచ్చేలా టెస్ట్ రాసి చూశాను. డిజైన్‌ను ఫలానా సీనియర్ రివ్యూ చేశారు."

"మేము" అనే మాట ఎక్కడున్నా వెతికి "నేను" చేసింది ఏమిటో రాయండి. మనకు అలా రాయడం గొప్పలు చెప్పుకున్నట్టు అనిపిస్తుంది, కానీ వాళ్లు చూసేది అదే.

ప్రమాదం గురించి అడిగే విభాగాన్ని మనవాళ్లు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. లైసెన్సు పుట్టిందే దానికోసం. 1985 నుంచి 1987 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది. కొన్ని ప్రమాదాల్లో, ఆపరేటర్ స్క్రీన్ మీద వేగంగా సవరణ చేస్తే సాఫ్ట్‌వేర్‌లో రెండు పనుల మధ్య వరస తప్పేది. పాత మోడళ్లలో అలాంటి తప్పును అడ్డుకునే హార్డ్‌వేర్ తాళాలు ఉండేవి, ఇందులో తీసేశారు. మీరు చేసింది షాపింగ్ యాప్ అయినా సరే, తప్పు జరిగితే ఎవరికి ఏ నష్టం, దాన్ని ఆపడానికి ఏ రెండో తాళం పెట్టారు అన్నది రాయండి.

ఐదో పని: రిఫరెన్సులు, పరీక్ష

మీ పని దగ్గరుండి చూసినవాళ్లే సాక్షులు కావాలి. కెనడాలో వాళ్లలో లైసెన్సు ఉన్న ఇంజనీర్లుంటే మంచిది. సాఫ్ట్‌వేర్ టీముల్లో అలాంటివాళ్లు దొరకడం కష్టం, అదే మనకు అసలు చిక్కు. టీములో లేకపోతే పక్క ఎలక్ట్రికల్ టీములోనో, క్లయింటు వైపో వెతకండి. దొరక్కపోతే బోర్డుకు ముందే రాసి, మీ దేశంలో సమాన హోదా ఉన్నవాళ్లను ఒప్పుకుంటారా అని అడిగి, జవాబు మెయిల్ రూపంలో తెచ్చుకోండి.

కెనడా ప్రావిన్సుల్లో ఎక్కువచోట్ల రాసే ఎన్‌పీపీఈ అనే వృత్తి నియమాల పరీక్షలో కోడింగ్ ఉండదు. వృత్తి చట్టం, నీతి, కాంట్రాక్టుల మీద 110 ప్రశ్నలు, రెండున్నర గంటలు. పని తెలిసినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుని తప్పుతుంటారు. క్విబెక్ అయితే ఫ్రెంచ్ కూడా రావాలి. అమెరికాలో పీఈకి ముందు ఎఫ్‌ఈ (ఇంజనీరింగ్ ప్రాథమికాంశాలు) అనే ఆరు గంటల పరీక్ష ఉంటుంది. కాలేజీ గణితం మర్చిపోకముందే రాసేయడం నయం.

ఆ లోపు పేరు ఏం పెట్టుకోవాలి

"సాఫ్ట్‌వేర్ డెవలపర్", "ప్రోగ్రామర్" అన్న పేర్ల జోలికి ఇంజనీర్ల బోర్డులు రావు. గేటు ఉన్న చోట లైసెన్సు వచ్చేదాకా కార్డు మీద, ఆన్‌లైన్ ప్రొఫైల్‌లో, ఈమెయిల్ కింద ఇదే వాడండి. కంపెనీ ఇచ్చిన హోదాలో "ఇంజనీర్" ఉంటే హెచ్‌ఆర్‌తో మాట్లాడండి, వాళ్లకు ఈ సమస్య ముందే తెలిసి ఉంటుంది. కెనడాలో ఇంజనీరింగ్ చదివినవాళ్లు చిటికెన వేలికి పెట్టుకునే ఇనుప ఉంగరాన్ని చూసి లైసెన్సు అనుకోకండి, అది చదువు పూర్తయినప్పుడు చేసే ప్రమాణానికి గుర్తు మాత్రమే.

లైసెన్సు వచ్చాక

ఏటా ఫీజు ఉంటుంది, నేర్చుకున్నవి నమోదు చేయమంటారు. ఏ కోర్సు చేశారు, ఏ సమావేశానికి వెళ్లారు, ఎన్ని గంటలు అన్నది ఆ రోజే ఒక ఫైల్లో రాసుకోండి. డిసెంబరులో కూర్చుని ఏడాదంతా గుర్తు తెచ్చుకోవడం నరకం. దేశం మారుతున్నా, పని మానేస్తున్నా, ఊరికే ఫీజు ఆపేయకండి. పేరు తొలగిస్తారు, తర్వాత ఇంకో దేశంలో దరఖాస్తు చేసినప్పుడు "మీ పేరు ఎప్పుడైనా రిజిస్టరు నుంచి తీసేశారా" అనే గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. చాలా సంస్థల్లో "ప్రాక్టీసులో లేను" అనే తక్కువ ఫీజు హోదా ఉంటుంది. దానికి మారుస్తున్నట్టు రాసి, వాళ్లు ఒప్పుకున్న మెయిల్‌ను మార్కుల లిస్టుతో పాటు అదే ఫైల్లో పెట్టండి.